యంత్రమునకు ఊపిరి

మనుష్యుఁడు అన్నము లేక కొన్ని వారములు, నీరు లేక కొన్ని దినములు బ్రతికిన బ్రతుకవచ్చును గాని, గాలి లేక కొన్ని నిమిషములు దాటి బ్రతుకఁజాలఁడు. మోటారు యంత్రమును అట్టిదే. పెట్రోలు లేనిదే బండి నడువదని చిన్నపిల్లలు సైతము ఎఱుఁగుదురు. గాలి లేనిదే ఆ పెట్రోలు మండనే మండదని తలఁచువారు అరుదు. పెట్రోలునకు వెల కలదు గనుక దాని లెక్కను అందఱును వ్రాసికొందురు. గాలికి వెల లేదు గనుక దాని లెక్కను ఎవ్వరును అడుగరు.

మన పాఠశాలలోని పైతరగతుల విద్యార్థులు కొందఱు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, వేగపు కార్లకు దుకాణములలో అమ్ము పెద్ద గాలిగొట్టమును బిగించినచో బలము హెచ్చునా?" అని. ఇట్టి ప్రశ్నకు ఔనని గాని కాదని గాని ఒక్కమాటలో బదులు చెప్పుట బోధకులకు తగదు. అందుచేత ఆ గొట్టము చేయు పని యెట్టిదో, దానిని అమర్చు విధమెట్టిదో, అది చెడినపుడు బాగుచేయు విధమెట్టిదో ఈ వ్యాసమున వరుసగా వివరింపఁదలఁచితిమి. ఇందు మా సొంత తప్పిదమును ఒకటి కలదు. దానిని దాఁపక చెప్పెదము.

ఉదాహరణకు ఒక కారు

మాటలు గాలిలో తేలిపోకుండుటకై ఒక కారును ఉదాహరణముగా తీసికొందము. సుబారు కంపెనీవారి ఇంప్రెజా డబ్ల్యు. ఆర్. ఎక్స్. అను కారు జపాను దేశమున 1992వ సంవత్సరమున వెలువడినది. కంకరదారులలోను మంచుదారులలోను జరుగు ప్రపంచ ర్యాలీ పందెములందు ఇంప్రెజా కార్లతో సుబారువారు 1995, 1996, 1997 సంవత్సరములలో వరుసగా మూఁడుమాఱులు తయారీదారుల విజయపదవిని పొందిరి. అమెరికాలో ఈ డబ్ల్యు. ఆర్. ఎక్స్. 2002వ సంవత్సరపు మోడలుగా అమ్మకమునకు వచ్చెను. అప్పటి దాని యంత్రము 1994 ఘన సెంటీమీటర్లది. నాలుగు సిలిండర్లును నిలువుగా గాక, పరుండినట్లు ఇటు రెండు అటు రెండుగా ఎదురెదురుగా నుండును. టర్బోతో కూడి అది 227 అశ్వశక్తుల బలమును ఇచ్చుచుండెను.

గాలి లెక్క

ఇపుడు పలక తీసికొని చిన్నలెక్క యొకటి వేయుఁడు. ఈ యంత్రము నాలుగు స్ట్రోకులది. అనఁగా పీల్చుట, నొక్కుట, మండుట, విడుచుట అను నాలుగు పనులు ముగియుటకు ఇరుసు రెండుమాఱులు తిరుగవలెను. కావున రెండు చుట్లకు రెండు లీటర్లు, ఒక చుట్టునకు ఒక లీటరు గాలి లోనికి పోవును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు 6000 లీటర్లు, అనఁగా సెకనునకు 100 లీటర్లు. ఊరక కూర్చున్న మనుష్యుఁడు నిమిషమునకు పీల్చు గాలి ఏడెనిమిది లీటర్లు మాత్రమే. పైఁగా టర్బో గాలిని నొక్కి పంపునపుడు ఆ 6000 లీటర్ల చోటున ఇంచుమించు రెట్టింపు గాలి దూఱును.

మఱియొక లెక్క. ఒక కిలోగ్రాము పెట్రోలు సరిగా మండుటకు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. ఒక లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూఁగును. ఒక లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూఁగును. గుణించి భాగింపఁగా, ఒక్క లీటరు పెట్రోలు మండుటకు సుమారు 9000 లీటర్ల గాలి అక్కఱయని తేలును. యంత్రము త్రాగునది తక్కువ, పీల్చునది యెక్కువ యని దీనివలన తెలియుచున్నది.

గాలి నడచు త్రోవ

ఈ కారు ముందుభాగమున కుడిప్రక్క నల్లని పెట్టె యొకటి కలదు. చల్లని గాలి ముందునుండి ఆ పెట్టెలోనికి వచ్చి కాగితపు వడపోతలో దుమ్మును విడిచి, కొలత పరికరమును దాటి, ఒక వంకర గొట్టము గుండ టర్బోను చేరును. అచ్చట లక్షకు మించిన చుట్లతో నిమిషనిమిషమును తిరుగు చిన్నచక్రము గాలిని నొక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగు వేఁడెక్కుటను మీరు ఎఱుఁగుదురు. అట్లే ఈ నొక్కఁబడిన గాలియు వేఁడెక్కును. దానిని చల్లార్చుటకు యంత్రముపైన ఇంటర్‌కూలరు అను జల్లెడవంటి పెట్టె అమర్పఁబడినది. బానెట్టుపై నోరు తెఱచినట్లు కనఁబడు రంధ్రము ఆ ఇంటర్‌కూలరును చల్లార్చుటకే గాని, పలువురు అనుకొనునట్లు యంత్రము గాలి పీల్చుటకు కాదు. చల్లారిన గాలి చివరకు సిలిండర్లలోనికి పోవును.

ఈ త్రోవలో ముఖ్యమైనది కొలత పరికరము. దానియందు విద్యుత్తుతో వేఁడిచేయఁబడు సన్నని తీఁగ కలదు. గాలి వీచినకొలఁది తీఁగ చల్లారఁజూచును. దాని వేఁడిమిని నిలుపుటకు ఎంత విద్యుత్తు కావలసివచ్చునో దానినిబట్టి ఎంత గాలి పోవుచున్నదో కారులోని కంప్యూటరు తెలిసికొని, అందుకు తగిన పెట్రోలును చిమ్మించును. ఈ తీఁగ చెప్పిన మాటయే కంప్యూటరునకు వేదవాక్యము. తీఁగ తప్పు చెప్పినచో పెట్రోలును తప్పును.

పెద్దగొట్టము వలన లాభనష్టములు

దుకాణములలో అమ్ము కొత్త అమరికలో సాధారణముగా ఆ నల్లని పెట్టెకు మాఱుగా వెడల్పైన లోహపు గొట్టమును, దాని చివర శంకువు వంటి వడపోతయు ఉండును. త్రోవలో అడ్డు తగ్గును గనుక గాలి సులభముగా పోవును. టర్బో బుసకొట్టు ధ్వనియు గట్టిగా వినఁబడును. కుఱ్ఱవాండ్రను ఆకర్షించునది తఱచుగా ఈ ధ్వనియే. బలము కొంత హెచ్చుట నిజమే. కాని రెండు చిక్కులు కలవు.

మొదటిది వేఁడిమి. పెట్టె తీసివేసినచో వడపోత బానెట్టు క్రింది వేఁడిగాలినే పీల్చును. వాయువు వేఁడెక్కిన వ్యాకోచించునని మీరు పాఠమున చదివితిరి. 20 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి పోయినచో, 273 కలిపి లెక్కింపఁగా, 293ని 333చే భాగింపవలెను. వచ్చునది 0.88. అనఁగా నూటికి పండ్రెండు పాళ్ళ గాలి తగ్గిపోయినది. గొట్టము ఇచ్చిన లాభమును వేఁడిమి తినివేసినది. అందుచేతనే మంచి అమరికలలో వడపోతచుట్టు వేఁడిని ఆపు తెర యుండును.

రెండవది కొలత. గొట్టము అడ్డుకొలత 60 మిల్లీమీటర్లనుండి 66 మిల్లీమీటర్లకు మాఱినదనుకొందము. పెరిగినది పదవవంతే గదా యని తోఁచును. కాని వైశాల్యము అడ్డుకొలత వర్గమునుబట్టి పెరుగును గనుక అది 1.21 రెట్లగును. అంతే గాలి వెడల్పైన త్రోవను మెల్లగా పోవును. తీఁగ దానిని చూచి నూఱు పాళ్ళ గాలిని ఎనుబదిమూఁడు పాళ్ళని చెప్పును. కంప్యూటరు ఎనుబదిమూఁటికి తగిన పెట్రోలునే పంపును. మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము టర్బో యంత్రములో సమయము తప్పి మండి, పిస్టనుపై సుత్తిదెబ్బవలె కొట్టును. దీనినే పనివారు నాకింగు అందురు. కొన్ని దెబ్బలకే పిస్టనులోని రింగుల గట్లు విరిగిన యంత్రములు కలవు. కావున గొట్టమును మార్చినవారు కంప్యూటరులోని లెక్కపట్టికను కూడ తెలిసినవానిచేత మార్పింపవలెను. గొట్టము సగము పని. పట్టిక సగము పని.

అమర్చు విధము

యంత్రము పూర్తిగా చల్లారిన పిదప బ్యాటరీ ఋణాగ్రపు తీఁగను విప్పవలెను. కొలత పరికరపు ప్లగ్గును లాగక, దాని నాలుకను నొక్కి మెల్లగా విడఁదీయవలెను. రెండు స్క్రూలను తీసి పరికరమును పైకెత్తి శుభ్రమైన కాగితముపై ఉంచవలెను. లోపలి తీఁగను వ్రేలితో గాని గుడ్డతో గాని తాఁకరాదు. పెట్టెను, గొట్టమును విప్పునపుడు వానికి తగిలించిన చిన్నగొట్టములు ఎన్ని యున్నవో లెక్కించి, ఒక్కొక్కదానికి చీటి కట్టవలెను. యంత్రపు అడుగుభాగమునుండి ఆవిరిని తెచ్చు గొట్టము, టర్బోనుండి తిరిగివచ్చు గాలిగొట్టము మున్నగునవి అందు కలవు. ఒక్కటి మఱచినను అది కన్నమగును.

తెఱచియున్న టర్బో నోటిని వెంటనే శుభ్రమైన గుడ్డతో మూయవలెను. పని ముగించునపుడు ఆ గుడ్డను తీయుట మఱవరాదు. చిన్న నట్టు లోపల పడినను, లక్ష చుట్లు తిరుగు చక్రము దానిని తాఁకి ముక్కలగును. కొత్త గొట్టమును ముందు ఊరకనే నిలిపి, ఎచ్చటను ఒరయకుండునట్లు చూచి, పిదప క్లాంపులను బిగింపవలెను. పరికరముపై గాలి పోవు దిక్కును చూపు బాణము గుర్తు కలదు. దానిని తలక్రిందులు చేయరాదు. దాని రబ్బరు చుట్టు నలగకుండ కూర్చుండవలెను. క్లాంపును గొట్టము కదలకుండునంతవఱకు బిగించిన చాలును. అంతకు మించినచో అది రబ్బరును కోయును. నూనె పూసిన నూలు వడపోతయైనచో, నూనె అధికముగా పూసినపుడు అది తీఁగపైకి పోయి పేరుకొని కొలతను చెఱుచునని తెలిసికొనవలెను.

మా తప్పిదము

మేము 2011వ సంవత్సరమున అమెరికాలోని మిషిగను రాష్ట్రమున చదువుకొనుచుంటిమి. మా గదిలోని మిత్రుఁడు తెనాలివాఁడు. రాత్రులు ఒక హోటలులో గిన్నెలు కడిగి కూడఁబెట్టిన సొమ్ముతో అతఁడు 2004వ సంవత్సరపు డబ్ల్యు. ఆర్. ఎక్స్. నొకదానిని పాతది కొనెను. ఆ బండిపై అతనికి గల ప్రేమ ఇంతంత కాదు. జనవరి నెలలో ఒకనాఁటి సాయంకాలము, మంచు కురియుచుండఁగా, మేమిద్దఱము కొత్తగొట్టమును బిగింపఁబూనితిమి. కంప్యూటరు పట్టికను మార్పించుటకు సొమ్ము చాలదని దానిని వచ్చేనెలకు వాయిదా వేసితిమి. టర్బోనకు పోవు వంకర గొట్టము యంత్రపు పైభాగము క్రింద దాఁగియుండును. చలికి అది కఱ్ఱవలె బిగిసికొనిపోయినది. చేతులు కొంకర్లు పోవుచుండఁగా, వేచియుండు ఓపిక లేక, దానిని బలవంతముగా వంచి నోటికి తగిలించితిమి.

మఱునాఁడు యంత్రము నిలుకడ లేక ఊఁగుచు తిరిగెను. ఎదుటి పలకపై హెచ్చరిక దీపము వెలిఁగెను. కోడు చదువు పరికరమును పెట్టి చూడఁగా పి 0171 అని వచ్చెను. మిశ్రమము మిక్కిలి పలుచగా నున్నదని దాని యర్థము. మేము యంత్రశాస్త్రము చదువువారమే. ఆ కోడు ఏమి చెప్పుచున్నదో మాకు తెలియును. ఐనను పరికరముపై మీట నొక్కి కోడును చెఱిపివేసితిమి. దీపము ఆరెను. "ఏమోయి, దీపము ఆరినది గదా, ఇఁక బయలుదేరుదము" అని మిత్రుఁడనెను. మేమును సరే యంటిమి.

పెద్దరోడ్డు ఎక్కి యాక్సిలరేటరును గట్టిగా త్రొక్కఁగనే, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు శబ్దము వినవచ్చెను. మిత్రుఁడు భయపడి కాలు తీసెను. అట్లు తీయుటయే మమ్ము కాచినది. బండిని మెల్లగా నడపుకొని ఒక వృద్ధ మెకానిక్కు షెడ్డునకు పోతిమి. ఆయన యంత్రములోనికి పొగను పంపు పరికరమును తగిలించి ఊరక నిలుచుండెను. నిమిషము గడువకమునుపే వంకర గొట్టము మడతనుండి సన్నని పొగ పైకి లేచెను. మేము బలవంతముగా వంచినచోటనే రబ్బరు చీలియుండెను. కొలత పరికరము దాటిన తరువాత ఆ చీలిక గుండ లెక్కకు రాని గాలి లోపలికి పోవుచుండెను. గొట్టపు వెడల్పు వలన వచ్చిన తప్పునకు ఇది తోడయ్యెను.

ఆయన మమ్ము కోపింపలేదు. దీపమును ఎవరు ఆర్పిరని మాత్రము అడిగెను. మేము తలవంచుకొంటిమి. మరి రెండు మైళ్ళు అట్లే నడపియుండిన యంత్రము పోయెడిదనియు, దానిని మఱల కట్టించుటకు మిత్రుఁడు బండి కొన్న సొమ్ములో సగమునకు పైఁగా అగుననియు ఆయన చెప్పెను. మా మిత్రుని ముఖము ఆ క్షణమున ఎట్లుండెనో మేము ఇప్పటికిని మఱవలేదు. చీలిన గొట్టమునకు బదులు కొత్తది వేసి, పాత నల్లపెట్టెనే మఱల అమర్చి పంపెను. పట్టిక మార్పించువఱకు ఆ వెడల్పు గొట్టము మా మంచము క్రిందనే యుండెను.

లోపములను కనుఁగొనుట, బాగుచేయుట

లోపము ఎచ్చటనున్నదో లక్షణములనుబట్టి తెలిసికొనవచ్చును. కొలత పరికరమునకును టర్బోకును నడుమ కన్నమున్నచో లెక్కకు రాని గాలి లోనికి వచ్చి మిశ్రమము పలుచనగును. టర్బో దాటిన పిదప కన్నమున్నచో, నొక్కఁబడునపుడు లెక్కింపఁబడిన గాలి వెలుపలికి పోవును. పెట్రోలు మాత్రము లెక్కప్రకారమే పోవును గనుక అది హెచ్చగును. నల్లనిపొగ, బలహీనత, బుస్సను శబ్దము దాని గుర్తులు. ఒకే కన్నము ఉన్న చోటునుబట్టి ఎదురుబొదురు ఫలితముల నిచ్చుట గమనింపుఁడు.

మొదట క్లాంపులను, చిన్నగొట్టములను కంటితోను చేతితోను పరీక్షింపవలెను. గొట్టపు మడతలను మెల్లగా వంచి లోపలి చీలికలను వెదకవలెను. తరువాత తగుమాత్రపు గాలిని లోనికి పంపి, అతుకులపై సబ్బునీరు చల్లినచో కన్నమున్నచోట బుడగలు లేచును. సైకిలు ట్యూబునకు పంక్చరు చూచు విధానమే యిది. మండు ద్రవములను చల్లి కన్నము వెదకువారు కలరు. అది అపాయకరము గనుక ఎవ్వరును చేయరాదు. తీఁగ మురికియైనచో అందుకొఱకే అమ్ము ద్రవమును చిమ్మి, పూర్తిగా ఆరినపిదపనే బిగింపవలెను. చీలిన రబ్బరునకు టేపు చుట్టుట ఇల్లు చేరువఱకే. దానిని మార్చుటయే మరమ్మతు.

వర్షకాలమునకు సంబంధించిన హెచ్చరిక యొకటి. చల్లనిగాలి కొఱకై వడపోతను క్రిందికి దించిన అమరికలు నీటిలో పోవునపుడు నీటిని పీల్చును. నీరు గాలివలె నొక్కఁబడదు గనుక పిస్టను దానిని కొట్టుకొని కడ్డీ వంగిపోవును. 2024వ సంవత్సరము సెప్టెంబరు నెలలో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలు మునిఁగినపుడు ఎన్నో వాహనములు నీట నిలిచెను. అట్లు మునిఁగిన బండిని, ఏ అమరిక గలదైనను, గాలిపెట్టెను విప్పి చూడక స్టార్టు చేయరాదని తల్లిదండ్రులు గుర్తుంచుకొందురు గాక.

ఒక పందెపు కథ

ర్యాలీ పందెములందు ఎవ్వరికిని హద్దుమీఱిన బలము ఉండరాదని టర్బో నోటికి 34 మిల్లీమీటర్ల ఇఱుకు కంఠమును అమర్చవలెనను నియమము ఉండెను. 1995వ సంవత్సరమున స్పెయిను దేశపు కాటలోనియా ర్యాలీలో టొయోటావారి యూరపు జట్టు కార్లను పరీక్షించిరి. ఆ కంఠము విప్పి చూచినపుడు సక్రమముగానే యుండెను. బిగించినపుడు మాత్రము అది కొంచెము జరిగి, ప్రక్కనుండి గాలి పోవుటకు సందు నిచ్చుచుండెను. ఆ పనితనము మిక్కిలి నేర్పుతో కూడినదని పరీక్షించినవారే ఒప్పుకొనిరి. ఐనను జట్టు ఆ సంవత్సరపు పాయింట్లనెల్ల కోలుపోయి, పండ్రెండు నెలలు పందెములనుండి వెలివేయఁబడెను.

ఆ జట్టువారు పరీక్షకుల కన్నులను మోసగించిరి. మేము దీపమును ఆర్పి మమ్మును మేమే మోసగించుకొంటిమి. తప్పు పెద్దదో చిన్నదో గాని జాతి యొక్కటే.

విద్యార్థులకు తుదిమాట

కావున, అడిగిన ప్రశ్నకు మా బదులు ఇది. తగిన గొట్టము, చల్లని గాలి, సరియైన లెక్కపట్టిక, ఓపికగల చేతులు, ఈ నాలుగును కూడినచో బలము కొంత హెచ్చును. ఇందు ఏ ఒక్కటి లోపించినను నష్టము హెచ్చును. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. పదునెనిమిది ఏండ్లు నిండనివారికి కారు నడపు లైసెన్సు లేదు. అందాఁక ఈ విద్యను కాగితముమీఁదను, పెద్దల సమక్షమున విప్పిన పాత యంత్రములమీఁదను అభ్యసింపుఁడు.

పలకపై తప్పును చెఱిపిన మాత్రమున లెక్క ఒప్పు కాదు. తప్పు ఎచ్చట జరిగెనో వెదకి, మఱల మొదటినుండి వేయవలెను. అది మాకు మిషిగనులో ఒక వృద్ధ మెకానిక్కు, మంచు కురియు దినమున, ఒక్క ప్రశ్నతో నేర్పిన పాఠము. మా మిత్రుఁడు ఆ బండిని పిదప ఆఱేండ్లు నడపెను. దీపము వెలిఁగిన ప్రతిసారియు ముందు బానెట్టు ఎత్తి చూచెడివాఁడు.